లోపలి గడియ

తుపానుకి కూలిపోయిన పేటలో ఇరవై నాలుగు ఇళ్ళ కాలనీ కట్టాలి. టెక్కలి నుంచి వచ్చిన ఇంజినీరు పడిపోయిన కొబ్బరి మొద్దు మీద ప్లాను పరిచాడు. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళంతా తమ తమ ఇళ్ళ గురించే అడిగారు. ఈ ముసలామె వేలు మాత్రం నడిమధ్యన ఆగింది.

“ఇదేటి బాబూ?”

“అందరికీ కలిపి ఒక హాలు మామ్మా. పగలు ఆడవాళ్ళు కూచుని జీడిపిక్కలు కొట్టుకోవచ్చు. పెళ్ళిళ్ళకీ పనికొస్తుంది.”

“మంచిదే. తలుపుకి గడియ ఎటేపు?”

“బయటేపు. తాళం వేసుకోవాలి కదా.”

“లోపలేపు కూడా ఒకటెట్టు బాబూ.”

“హాలుకి లోపల గడియెందుకు?”

“రేత్రి గాలికి తలుపు కొట్టుకుంటాది. ఆ మూల ఒక పొయ్యి కూడా ఎట్టు. సిన్నదే.”

“పెళ్ళి వంటలకి చిన్న పొయ్యి ఏం సరిపోతుంది?”

“ఒక్క మనిసి గెంజికి సాల్తాది.”

ఇంజినీరు పెన్సిలు ఆపి, ఇళ్ళు వచ్చినవాళ్ళ జాబితా తీశాడు.

“నీ ఇల్లు ఎన్నో నెంబరు మామ్మా?”

“సర్వే నాడు కూతురి పురుడని సుమ్మాదేవి ఊరెల్లినాను. నా పేరు రాసుకోనేదు.”

“హాలు అందరిదీ. మిగతావాళ్ళు ఒప్పుకోవద్దూ?”

“ఆల్లే పంపినారు బాబూ నన్ను. గడియ మాట ఆల్లది. పొయ్యి మాట మట్టుకు నాది.”

ఇంజినీరు జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. హాలు తలుపుకి లోపలి వైపున చిన్న గీత గీశాడు.

“పొయ్యి ఏ మూలన్నావు?”