మామగారి గడ్డం

పెరట్లో కుళాయి పక్కన, గోడకు కొట్టిన అద్దం ముందు స్టూలు మీద బావమరిది కూర్చున్నాడు. అతని గడ్డం పట్టుకుని, రేజరు పుచ్చుకుని బావ నిలబడ్డాడు.

"కదలకు."

"కదలడం లేదు బావా, వణుకుతున్నాను."

"అదే వద్దంటున్నా. ఇప్పుడు చెప్పు, ఇది ఎలా ఉంది?"

"మండుతోంది."

"ఎర్ర పాకెట్టు బ్లేడు కంటే ఎక్కువా, తక్కువా?"

"ఎర్ర పాకెట్టు మంట ఇంకా తగ్గలేదు బావా. రెండూ కలిసి మండుతుంటే ఏది ఎంతని చెప్పను?"

"అలా కలిపేస్తే ఎలారా? నీ మొహాన్ని భాగాలు చేసింది ఎందుకు మరి? కుడి చెంప పైన ఎర్ర పాకెట్టు, కింద నీలం పాకెట్టు. ఇక ఎడమ వైపు..."

"ఎడమ వైపుకి వెళ్ళకు బావా! ఆ ఒక్క వైపైనా నాకుంచు. షాపుకి వెళ్ళాలి నేను."

"చెప్పుల షాపులో నీ మొహం ఎవడు చూస్తాడురా? వాళ్ళు చెప్పులు చూస్తారు, నువ్వు కాళ్ళు చూస్తావు."

"షాపులో అద్దం ఉంటుంది బావా."

"అదీ కాళ్ళకే. తల ఎత్తు."

"అసలు నా మొహమే ఎందుకు? నీకూ ఉంది కదా గడ్డం."

"ఉండేది. పొద్దున లేవగానే నా మీదే మొదలుపెట్టా. రెండు రకాలు చూసేసరికి గడ్డం అయిపోయింది. బ్లేడ్లు మిగిలిపోయాయి. చూడు నా మొహం."

"చూశాలే. నెత్తురు చుక్క లేదు."

"ఉన్న చుక్కలన్నీ బయటికే వచ్చాయి. అందుకే నిన్ను పిలిచింది."

"కాఫీ తాగి వెళ్దువుగాని రమ్మన్నావు."

"కాఫీ ఎక్కడికి పోతుంది? బుగ్గ పూరించు."

"పోనీ, ఏదో ఒక బ్లేడు వేసుకుని వెళ్ళి నాన్నకి గీసెయ్యొచ్చు కదా?"

"ఏదో ఒకటా? మా లిఫ్టుల డిపార్ట్‌మెంటులో ఆ మాటే లేదు. కొత్త లిఫ్టు పెడితే ఏం చేస్తాం? మనుషుల్ని ఎక్కిస్తామా? ముందు ఇసుక బస్తాలు ఎక్కిస్తాం. పైకీ కిందికీ తిప్పుతాం. తాడు తెగలేదు, బ్రేకు జారలేదు అనుకున్నాకే మనుషులు."

"అంటే నేను ఇసుక బస్తానా?"

"మాట వరసకి అన్నానురా."

"మాట వరసకైనా ఇసుక బస్తానే కదా?"

"ఇసుక బస్తా ఇన్ని ప్రశ్నలు వెయ్యదు. ఇదిగో, పచ్చ పాకెట్టు వేస్తున్నా. ఊపిరి బిగబట్టు."

"ఏవండీ! అయిందా మీ పని?"

"అవుతోందే. నువ్వు లోపలికి వెళ్ళు, మధ్యలో పలకరిస్తే చెయ్యి జారుతుంది."

"ఒరేయ్ తమ్ముడూ! ఆ మొహం ఏంట్రా, పిల్లి రక్కినట్టు!"

"పిల్లయితే ఒక్కసారి రక్కి పోయేదక్కా. ఇది రంగురంగుల పాకెట్లలో వచ్చింది. చెప్పవే మీ ఆయనకి."

"ఏం చెప్పను? అక్కడ నాన్న మెడకి తువ్వాలు చుట్టుకుని కుర్చీలో ఎంతసేపట్నుంచో కూర్చున్నాడు. 'మీ ఆయన్ని అడుగు, గడ్డం గీస్తాడా, పెంచుతాడా' అంటున్నాడు."

"చూశావా! ఇప్పటికీ 'మీ ఆయన్ని అడుగు'. పక్కనే కూర్చుని ఉంటాను. నీళ్ళ గ్లాసు ఇటు జరపమనడానికి వంటింట్లో ఉన్న నిన్ను కేకేస్తారు. నువ్వు పరిగెత్తుకొచ్చి నాకు చెప్పాలి. అప్పుడు నేను జరపాలి. ఇరవై ఏళ్ళు!"

"ఊరికే అయిందా? నాన్న పని చేసే టైలరింగ్ షాపు బిల్డింగులో లిఫ్టుని మీరు పరీక్ష చేసి పాసు చేశారు. మర్నాడే అందులో నాన్న ఇరుక్కున్నాడు."

"అది కరెంటు పోవడం! లిఫ్టు తప్పు కాదు, కరెంటు తప్పు! ఎన్నిసార్లు చెప్పాలి?"

"చేతిలో తెల్ల కోటు. అప్పుడే కుట్టి, ఇస్త్రీ చేసి పట్టుకెళుతున్నాడు. సాయంత్రానికి అదే కింద పరుచుకుని పడుకున్నాడు."

"నాన్నకి ఇరుక్కున్నందుకు కోపం కాదక్కా. అందరూ ఒకసారి కాకపోతే ఒకసారి ఇరుక్కుంటారు. బావ పైఅంతస్తు నుంచి సందులోకి వంగి ఓ మాట అన్నాడు చూడు."

"ఏమన్నాన్రా? ధైర్యం చెప్పాను!"

"'కంగారు పడకండి మామయ్యగారూ, ఈ లిఫ్టు పాసు చేసింది నేనే' అన్నావు. అంతవరకూ నాన్న కుదురుగానే ఉన్నాడట. అప్పుడు మొదలుపెట్టాడట కేకలు."

"నవ్వకండి. అక్కాతమ్ముళ్ళు మీరిద్దరూ నవ్వకండి. నాకిక్కడ పీకల మీదికి వచ్చింది."

"పీక నాన్నది బావా."

"అదే కదరా నా భయం! మామయ్యగారేమో చెయ్యి వణుకుతోంది, గీసుకోలేకపోతున్నాను అన్నారు. సరే. సెలూన్ అతన్ని ఇంటికి పిలిపిస్తానంటే?"

"ముక్కూ మొహం తెలియనివాడికి మెడ అప్పగించనన్నాడు."

"కన్నకొడుకు ఉన్నాడు కదా అంటే?"

"నేను చెప్పుల డబ్బా తెరవబోయి వేలు కోసుకునే రకాన్నట. నిజమేలే."

"మరి ఎవరు గీయాలన్నారు? ఇదిగో, నువ్వే చెప్పు, నీతోనే కదా అన్నారు."

"'మీ ఆయన చేత గీయించుకుంటాను' అన్నాడు. సరిగ్గా విన్నానో లేదో అని మళ్ళీ అడిగితే విసుక్కున్నాడు కూడా."

"విన్నావుగా? ఇన్నాళ్ళకి నా చేతికి ఒక పని ఇచ్చారు. అదీ గొంతు దగ్గర పని. చిన్న గాటు పడిందనుకో, ఇక నా మొహం చూస్తారా? అందుకని మార్కెట్లో ఉన్న రకాలన్నీ తెచ్చాను. ఏది మెత్తగా తెగుతుందో తేలాలి. తేలాకే ఆయన దగ్గరికి."

"తేలేలోపు నా తమ్ముడు మునిగేలా ఉన్నాడు. నేను వెళుతున్నా, పొయ్యి మీద పాలున్నాయి. త్వరగా కానివ్వండి!"

"అక్కా, వెళ్ళకు! అక్కా! వెళ్ళిపోయింది."

"వెళ్ళనీ. తల అటు తిప్పు. పచ్చది చూద్దాం. ఎలా ఉంది?"

"అమ్మా!"

"అమ్మా అంటే ఎక్కువా, తక్కువా?"

"బావా, అది గీయడం లేదు, పీకుతోంది. కొబ్బరి పీచు తీసినట్టు పీకుతోంది."

"సరే, పచ్చది ఫెయిలు. ఇక ఈ పసుప్పచ్చ పాకెట్టు. ఇది కొంచెం ఖరీదైంది. కొట్టువాడు కళ్ళు మూసుకుని వాడండి అన్నాడు."

"నువ్వు మాత్రం కళ్ళు తెరిచే వాడు బావా, నీకు పుణ్యం ఉంటుంది."

"మాట్లాడకు. పై పెదవి దగ్గరికి వస్తున్నా. ఆఁ... అరెరె."

"అరెరె ఏంటి? బావా, అరెరె అంటే ఏంటి?"

"ఏం లేదు. నీ మీసం ఎప్పట్నుంచి ఉంది?"

"కాలేజీ రోజుల నుంచి. ఏం?"

"ఏం లేదు. ఇప్పుడు కూడా ఉంది. ఒక వైపు."

"బావా!"

"బ్లేడు పదునుగా ఉందని అర్థంరా! పరీక్షలో అది మంచి విషయం. కూర్చో. కూర్చోరా, నురగ పూస్తాను. ఇంకో వైపు కూడా తీసేస్తే సమానం అవుతుంది."

"నేను ఇంటికి ఎలా వెళ్ళను? మా ఆవిడ తలుపు తీస్తుందా?"

"నువ్వు కూర్చో ముందు. రేజరు కడిగి, మళ్ళీ బిగించి వస్తా. ఇదిగో వచ్చేశా. ఇప్పుడు మెడ. అసలు పరీక్ష ఇదే, మెడ. కళ్ళు మూసుకో. ఎలా ఉంది?"

"..."

"ఏంట్రా, మాట్లాడవు? ఉన్నావా?"

"బావా."

"చెప్పరా."

"బావా, ఇదే!"

"ఏంటి ఇదే?"

"ఇదే బావా! వెన్న రాసినట్టుంది. అసలు తగిలినట్టే లేదు. మంట లేదు, పీకడం లేదు. చల్లగా, హాయిగా... ఇంకోసారి గియ్యి. ఆఁ, అలాగే. ఎదురు గియ్యి, పర్లేదు."

"ఎదురు గీసినా నొప్పి లేదా?"

"నొప్పా? నిద్రొస్తోంది. ఇది నాన్నకి గీశావనుకో, నీ పేర గుడి కట్టిస్తాడు. ఏ పాకెట్టు బావా ఇది?"

"అదే చూస్తున్నా. ఉండు, విప్పి చూస్తా."

"పసుప్పచ్చదేనా?"

"ఊఁ..."

"బావా?"

"బ్లేడు ఇక్కడుందిరా. సబ్బు పెట్టెలో. కడిగి ఆరబెట్టి, బిగించడం మర్చిపోయాను."

"అంటే ఇంతసేపూ..."

"ఉత్త రేజరు."

"బ్లేడే లేదా?"

"లేదు."

"బావా, నా మాట విని అదే ఖాయం చెయ్యి. నాన్నకి అదే వాడు. ఆయనకి కళ్ళజోడు తీసేస్తే ఏం కనపడదు."

"ఏవండీ! నాన్న తువ్వాలు విప్పేస్తానంటున్నాడు! వస్తారా, రారా?"

"వస్తున్నానే! ఇంకా తేలలేదు."

"ఇక తేల్చేది నేను. ఒరేయ్, మొహం ఇటు తిప్పు. అయ్యో, సగం మీసం ఏదిరా? సరే, తర్వాత ఏడుద్దువుగాని. ఏవండీ, ఇదిగో, ఈ చెవి కింద చర్మం నున్నగా ఉంది, ఒక్క గాటు కూడా లేదు. ఇక్కడ ఏ బ్లేడు వాడారు?"

"అక్కడింకా గీయలేదక్కా."

"పోనీ ఇక్కడ? ఒకటే గాటుంది."

"అది పసుప్పచ్చది."

"అయితే అదే. తీసుకుని నడవండి. నీళ్ళు కాచి పెట్టాను. ఒరేయ్, నువ్వు మొహానికి పటిక రాసుకుని ఇక్కడే కూర్చో, లోపలికి రాకు. నిన్ను చూశాడంటే నాన్న పారిపోతాడు."

లోపలి గదిలో కిటికీ పక్కన కుర్చీలో మామగారు, ఆయన ముందు అల్లుడు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మాయ్! నీళ్ళు చల్లారిపోయాయని మీ ఆయనకి చెప్పు!"

"అది వంటింట్లో ఉందండీ మామయ్యగారూ. వినపడదు."

"అయితే ఎవరో ఒకరు చెప్పండయ్యా."

"ఇక్కడ ఇంకెవరూ లేరండీ. నేనే చెప్పేస్తాను ఆయనకి."

"చెప్పి చూడండి. వింటాడో వినడో."

"విన్నాడండీ. వేడి నీళ్ళు కలిపాడు. ఇప్పుడు నురగ పూస్తున్నాడు."

"ముక్కులోకి పూయవద్దని చెప్పండి."

"తుడిచేశాడండీ. ఇక మొదలుపెడుతున్నాడు. కుడి బుగ్గ నుంచి."

"ఊఁ."

"నొప్పిగా ఉందాండీ?"

"నొప్పి సంగతి తర్వాత. మా అమ్మాయి మొగుడి చెయ్యి వణుకుతోందని ఎవరైనా ఆయనకి చెబితే బావుంటుంది."

"తెలుసండీ ఆయనకి. పొద్దున్నించీ తెలుసు."

"పెరట్లో మా వాడెవడో అమ్మా అని అరిచాడే?"

"చీమ కుట్టిందండీ."

"ఎన్నిసార్లు కుట్టింది?"

"నాలుగు రకాల చీమలండీ. మీరు తల కొంచెం పైకెత్తాలి. గొంతు దగ్గరికి వచ్చాను."

"ఎత్తానని చెప్పండి."

"ఊపిరి తీసుకోండి మామయ్యగారూ. మీరు బిగబడితే నాకూ బిగబట్టుకుపోతోంది. కంగారు పడకండి, ఈ బ్లేడు నేనే..."

"పాసు చేశానని మాత్రం అనకు!"

"..."

"ఏమైంది? ఎందుకాగావు?"

"అనకు అన్నారు."

"అంటే ఏంటి?"

"నాతో అన్నారండీ. నన్నే అన్నారు. 'ఎందుకాగావు' అని కూడా అన్నారు."

"గొంతు మీద బ్లేడు పెట్టుకుని వంటింట్లో మనిషిని కేకెయ్యమంటావా? కానివ్వు, కానివ్వు."

"కానిస్తానండీ. ఒక్క నిమిషం. కళ్ళు మసకగా ఉన్నాయి."

"ఏడుస్తున్నావా?"

"నురగ పడిందండీ కంట్లో."

"నురగ నా మొహం మీదుంటే నీ కంట్లో ఎలా పడుతుంది? ఇదిగో, చెయ్యి ఇలా తే. చెట్టు ఊగినట్టు ఊగుతోంది. ఇలా పట్టుకో. నేను పట్టుకుంటా నీ మణికట్టు. ఇప్పుడు గియ్యి. నెమ్మదిగా... ఆఁ. చూశావా? గాటు పడిందా?"

"లేదండీ."

"ఇంకొంచెం కిందికి రా. ఆఁ, అంతే. ఇంత చిన్న పనికి ఊరంతా తిరిగి బ్లేడ్లు కొన్నావట."

"మామయ్యగారూ."

"ఏంటి?"

"మీ చెయ్యి వణకట్లేదండీ."

"నీళ్ళు మార్చు."

"మారుస్తానండీ. కానీ, నా మణికట్టు పట్టుకున్నారు కదా. బండరాయిలా ఉందండీ మీ చెయ్యి. మరి గీసుకోలేకపోతున్నానని..."

"గట్టిగా అనకు. వంటింట్లో అమ్మాయి ఉంది."

"అంటే మీరే గీసుకోవచ్చు కదండీ?"

"గీసుకోవచ్చు."

"మరి?"

"మరీ లేదు, గిరీ లేదు. ఆ రెండో బుగ్గ రేపటికి ఉంచు."