రఘుపతి ఎలుకను బతికించిన విధం

కొమురెల్లి హోటలు అంటాం గానీ అది హోటలేమీ కాదు. బొగ్గు గని కాలనీ కమాను పక్కన నాలుగు రేకులు, ఒక బొగ్గు పొయ్యి, రెండు బల్లలు. టీ మాత్రం బాగుంటుంది. ఎందుకు బాగుంటుందో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు. పాలు పలచన, ఆకు అందరూ వాడేదే. బొగ్గు లారీలు పోయినప్పుడల్లా గిన్నెలో కాస్త నల్లదుమ్ము పడుతుంది, బహుశా అదే కారణం. ఆ సంగతి పక్కన పెడదాం.

ఆ పొద్దున శోభ ఒక చెప్పుల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక బల్ల మీద కూర్చుంది. మూతకు కన్నాలు పొడిచి ఉన్నాయి. లోపల టింకు. ఆమె కూతురు విద్య పెంచుకుంటున్న హ్యామ్‌స్టర్. అరచేతిలో ఇమిడిపోయే, ఎలుకలాంటి జీవి. దాని కుడి దవడ రేగుపండంత ఉబ్బింది. నిన్నటి నుంచి గింజ ముట్టలేదు. విద్య బడికి పోనని ఏడిస్తే, సాయంత్రానికి బాగుచేయించి తెస్తానని మాటిచ్చి పంపిందట. మంచిర్యాలలో ఇలాంటి చిన్న జీవాలను చూసే డాక్టరమ్మ ఉంది. మధ్యాహ్నం దాకే ఉంటుంది. సంపత్ ఆటోలో అప్పటికే ఇద్దరు ఎక్కి కూర్చున్నారు, శోభతో ముగ్గురు. ఇంకొక్కరు దొరికితే బండి తీస్తానంటున్నాడు.

ఆ ఒక్కరు రాకముందే రఘుపతి వచ్చాడు.

రఘుపతి బొగ్గు బాయిలో ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టు పని చూసే సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. అంతకుముందు కాలేజీలో జువాలజీ రెండేళ్లు చదివాడు. మూడో ఏడు ఎందుకు చదవలేదన్న కారణం మాత్రం అడిగినప్పుడల్లా మారుతుంది. భుజం మీద ఎప్పుడూ ఒక పచ్చ తువ్వాల. కుడి చూపుడువేలు మీద నెలవంక లాంటి చిన్న మచ్చ. అది బాయిలో పైకప్పు కూలినప్పుడు తగిలిందని ఒకసారి, ఎలుగుబంటి గీరిందని ఒకసారి చెప్పగా విన్నాను.

"ఏందే బిడ్డా, డబ్బల?"

"టింకు, కాక. పాణం బాగలేదు. మంచిర్యాల తీస్కపోతున్న."

"మంచిర్యాలకా? నేనుండంగ మంచిర్యాలకా?" రఘుపతి ఆమె పక్కన కూలబడ్డాడు. "కొమురెల్లీ, టీ పొయ్యి. జర చక్కెర ఎక్కువ. బిడ్డా, ఇసొంటి ఎలుకను ఒకదాన్ని నేను సావు నోట్లకెల్లి గుంజుకొచ్చిన."

"ఎలుక కాదు కాక, హ్యామ్‌స్టర్."

"జువాలజీల అన్నీ ఒక్క ఖాందానే. ఇను. పోయిన ఎండకాలం. దాని పేరు మోతీ. తిండి లేదు, నీళ్లు లేవు, ముడుసుకొని ముద్దలెక్క పడున్నది. ఒళ్లంత సల్లగ. నేనేం చేసిన? పెద్దగ ఏం చెయ్యలె, ఉన్నదున్నట్టు చెప్పాలె గద. సిరా పోసే డ్రాపరు తీస్కొని రెండు సుక్కలు చక్కెర నీళ్లు మూతి మీద ఏసిన. కన్ను తెరిసింది. గంతే."

"గంతేనా అన్నా?" అన్నాడు కొమురెల్లి.

రఘుపతి అక్కడ ఆగి ఉంటే అందరం నమ్మేవాళ్లం. శోభ కూడా ఒక మంచిమాట విన్నానన్న ధైర్యంతో ఆటో ఎక్కేది. కానీ కొమురెల్లి గొంతులో నిరాశ వినిపించింది, రఘుపతి దాన్ని భరించలేడు.

"గంతే అంటే ఏంది? అది షురువాత్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుండె ఎట్ల కొట్టుకుంటున్నదో ఇనాలె. డాక్టర్ల స్టెతస్కోపు పెడితే దాని ఒళ్లంత మూతవడ్తది. నేనేం చేసిన, అగ్గిపుల్ల తీస్కొని దాని రొమ్ము మీద టక్ టక్ కొట్టిన. బాయిల పైకప్పును కట్టెతోని కొట్టి, సప్పుడిని, ఇది గట్టిగున్నది, ఇది కూలుతది అని చెప్పినోన్ని, ఎలుక రొమ్ము నాకో లెక్కనా? ఎడమ దిక్కు గట్టి సప్పుడు. కుడి దిక్కు బోలు. నిమోనియా!" అని నా వైపు తిరిగాడు. "మూర్తిగారూ, మీకు తెలుసు గద, మా కాలేజీల రాఘవాచారి సారు ఉండె, కప్పను కోసి చూపియ్యమన్నడు, నేను కోసి, చూపిచ్చి, మళ్ల కుట్టి నీళ్లల్ల ఇడిస్తె అది ఈదుకుంట పొయ్యింది. సారు కండ్లల్ల నీళ్లు తీస్కున్నడు. ఇగ నీకు నేర్పుడు నాతోని కాదు, ఇంటికి పో అన్నడు."

మూడో ఏడు చదవకపోవడానికి అది నేను విన్న నాలుగో కారణం.

సరిగ్గా అప్పుడే సారవ్వ ఫ్లాస్కు పట్టుకుని టీ కోసం వచ్చింది. రఘుపతి ఉండే లైన్‌లోనే రెండిళ్ల అవతల ఆమె క్వార్టరు. రఘుపతి వీపు అటు తిరిగి ఉంది, చూడలేదు. కొమురెల్లి చెప్పబోయాడు. సారవ్వ నోటి మీద వేలు పెట్టుకుని, బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

"నిమోనియాకు ఆక్సిజన్ ఇయ్యాలె. నేను రెస్క్యూ స్టేషనుకు ఫోన్ కొట్టిన. వాళ్లు జీపేస్కొని ఉరికొచ్చిండ్రు, బాయిల మంటలంటుకుంటె మొఖానికి కట్టుకునే సామానంత పట్టుకొని. ఆ మాస్కు దీనికెట్ల సరిపోతది? పెన్ను టోపీకి కన్నం పెట్టి, సైకిలు వాల్వు ట్యూబు అతికిచ్చి, మూతికి పెట్టిన. పెద్ద ఆఫీసరు సెల్యూట్ కొట్టిండు. నాకు గాదు, ఎలుకకు."

"ఎవలది కాక ఆ మోతీ?" అంది శోభ.

రఘుపతి టీ గ్లాసులోకి చూశాడు. సారవ్వ తల ఎత్తింది.

"జీఎం గారి బిడ్డది" అన్నాడు.

సారవ్వ మళ్లీ తల దించుకుని ఫ్లాస్కు మూత బిగించింది.

సంపత్ హారన్ కొట్టాడు. మనిషి దొరికినందుకు కాదు. ఆటోలో కూర్చున్న ఇద్దరూ కథ వినడానికి దిగి వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డారు, అందుకు. శోభ ఫోన్ తీసి టైం చూసుకుంది. మూత కొంచెం ఎత్తి చూసింది. టింకు ఒక మూలకు ఒదిగి, ఉబ్బిన దవడను గుడ్డపీలికల మీద ఆనించి పడుకుంది.

"కాక, ఆలస్యమైతది..."

"కూసో బిడ్డా, అసలు ముచ్చట ఇప్పుడు షురువైతది. అంత చేసినా దానికి నిద్ర లేదు. ఎందుకు లేదు? రోజూ ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ అయితది గద. మన ఇండ్లల్ల గిన్నెలే కిందవడ్తయ్. అది కన్ను మూస్తది, ధన్‌మని పేలుతది, ఎగిరిపడి లేస్తది. నేను చక్కగ పోయి మేనేజరు ముందు నిలవడ్డ. సారూ, పేషెంటు పండుకున్నది, బ్లాస్టింగ్ ఆపాలె అన్న. రఘుపతీ, బొగ్గు రాకపోతె ఎట్ల అన్నడు. పాణం పోతె ఎట్ల అన్న. ఆపిండు."

"బ్లాస్టింగ్ ఆపిండ్రా?" పొయ్యి దగ్గరి మనిషి నోరు తెరిచాడు.

"వారం! డంపర్లు యాడియాడ్నే నిలవడ్డయ్. డ్రైవర్లు వాటి నీడకు పండుకొని పత్తాలాడిండ్రు. బొగ్గు లేక కరెంటు తయారుచేసే కాడ పొయ్యిలు సల్లారినయ్. హైదరాబాద్‌ల లిఫ్టుల మనుషులు ఇరికిండ్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఢిల్లీకెల్లి ఫోను. 'రఘుపతీజీ, చూహా కైసా హై?' నేనన్న, 'అబ్ ఠీక్ హై, ఆప్ ఫికర్ మత్ కరో'. అప్పుడు బ్లాస్టింగ్‌కు పర్మిషన్ ఇచ్చిన."

"నువ్వే ఇచ్చినవా?" అన్నాన్నేను.

"ఇంకెవలిస్తరు మూర్తిగారూ? డాక్టరే ఇయ్యాలె."

కొమురెల్లి పొయ్యిలో బొగ్గు వేయడం మర్చిపోయాడు. టీ అడిగిన వాళ్లకు టీ లేదు, అడిగామన్న ధ్యాస వాళ్లకూ లేదు.

"ఇగ లేసింది సూడు మోతీ! నా మందు తిన్న ఎలుక, దానికి జోరెంత ఉంటది? డబ్బ కొరికింది, బండ తవ్వింది, తెల్లారేసరికి క్వార్టర్ కింద సొరంగం. మట్టంత ఎత్తిపోసింది. సూస్తె మట్టి గాదు, బొగ్గు! మేలు రకం బొగ్గు, అద్దం లెక్క మెరుస్తున్నది. సర్వే ఆఫీసరొచ్చి నెత్తి పట్టుకున్నడు. మేం కోట్లు పెట్టి బోర్లేసినం, మాకు దొరకలే, దీనికెట్ల దొరికింది అన్నడు. వెంటనే నౌకరిల పెట్టుకున్నరు."

"ఎలుకకు నౌకరా?"

"హ్యామ్‌స్టర్ అనాలె. పద్ధతిగ మాట్లాడు. మస్టర్‌ల పేరు రాసిండ్రు, బిళ్ల ఇచ్చిండ్రు, జీలకర్ర గింజంత లైటున్న టోపీ పెట్టిండ్రు. ఫస్టు షిఫ్టు డ్యూటీ. దానికి ఆదివారం పనిచేస్తె డబల్ గింజలు. ఇగ యూనియన్లు ఊకుంటయా? ఎర్రజెండోళ్లు వచ్చి మా మెంబరే అన్నరు. మూడు రంగులోళ్లు వచ్చి మావల్లనే దానికి నౌకరొచ్చింది అన్నరు. గేటు మీటింగ్ పెట్టి, పూలదండేసిండ్రు. అది దండ తిన్నది."

అందరూ నవ్వారు. శోభ నవ్వలేదు గానీ, లేవనూ లేదు. ఆమె ముఖంలో ఒక ఆశ కనిపించింది, అదే నన్ను భయపెట్టింది. పెద్దాయన ఇంత చెప్తున్నాడంటే ఇందులో పావు వంతైనా ఉండకపోతుందా అనుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాయిల గ్యాసొచ్చింది. మిషన్లకు తెల్వలే. మోతీ తెలుసుకున్నది. ఉరికొచ్చి ఓవర్‌మన్ బూటు కొరికింది. షిఫ్టు షిఫ్టంత బయటపడ్డది. అందర్ని పంపి ఆఖరుకు అదొచ్చింది. గని పొగకు ఊపిరితిత్తులు ఖరాబైనయ్. మెడికల్ బోర్డుకు పంపిండ్రు. మనోళ్లు కొడుకులకు నౌకరి ఇప్పియ్యనీకి అన్‌ఫిట్ కోసం ఏండ్లకేండ్లు తిరుగుతరు గద, దీన్ని ఒక్క చూపుతోని అన్‌ఫిట్ చేసిండ్రు. రూలు ప్రకారం దాని కొడుక్కు నౌకరిచ్చిండ్రు."

"కొడుకా? లగ్గమెప్పుడైంది దానికి?" అన్నాడు కొమురెల్లి.

"లీవుల ఉన్నప్పుడు. కొడుకు ఇప్పుడు సర్ఫేస్‌ల జనరల్ మజ్దూర్. పొద్దున నాకు నమస్తే పెట్టినంకనే డ్యూటీకి పోతడు." రఘుపతి గ్లాసు కింద పెట్టి, శోభ వైపు చేతులు చాపాడు. "తే బిడ్డా. మంచిర్యాల అవసరం లేదు. సాయంత్రం దాక నా ఇంట్ల పెట్టు. కాలనీ కరెంటు, మీటరు ఫికర్ లేదు, పగలు రాత్రి ఏసీ పదహారు మీద నడుస్తనే ఉంటది. సల్లటి రూముల, సల్లగ, దవడ వాపంత గుంజుతది."

శోభ డబ్బా వైపు చూసింది. ఆటో వైపు చూసింది. ఇద్దరు ప్రయాణికులూ ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నారు. ఆమె చేతులు నెమ్మదిగా డబ్బాను పైకెత్తాయి.

"ఇయ్యకు బిడ్డా" అంది వెనకనుంచి సారవ్వ.

రఘుపతి తిరగలేదు. మెడ మాత్రం భుజాల్లోకి కాస్త దిగింది.

"మోతీ జీఎం బిడ్డది గాదు, నా మనుమరాలిది. దానికి బీమారీ లేదు, ఏం లేదు. లగ్గానికి బెల్లంపల్లి పోతున్నం, జర సూస్తవా తమ్మీ అని చెంగుచెంగున ఉరికేదాన్ని అప్పజెప్పిన. ఈయన ఏసీ గదే పదహారు మీద పెట్టి, రెండు బొంతలు కప్పుకొని పండుకున్నడు. దానికెవలు కప్పుతరు? సలికి బిగుసుకపొయ్యింది."

"అక్కా, డ్రాపరుతోని..." అన్నాడు రఘుపతి.

"ఏ డ్రాపరు? నేను బస్సు దిగొచ్చేసరికి జామచెట్టు కింద గుంత తవ్విండు. ఆ భుజం మీదున్న తువ్వాలనే, గదాంట్లనే చుట్టి పండవెట్టిండు. లైన్‌లున్నోళ్లందర్ని జమచేసి, మోతీ మన కాలనీకే ముద్దుబిడ్డ అని స్పీచిస్తున్నడు. నా మనుమరాలు కిందవడి ఏడుస్తున్నది. ఒక్కపారి మొఖం చూపియ్యి అని నేను తువ్వాల తీసి ఎండల పట్టిన. జరసేపటికి మీసాలు కదిలినయ్. కదిలినయ్ తమ్మీ అంటె, గాలికక్కా అంటడు. గాలికి కాలు సుత కదులుతదా? ఇగ ఆలస్యమైతదని నా చేతులకెల్లి గుంజుకొని గుంతల పెట్టబోయిండు. అప్పుడు లేసి కరిసింది."

అందరి కళ్లూ ఒక్కసారిగా రఘుపతి వేలి మీదికి వెళ్లాయి. నెలవంక మచ్చ. పైకప్పు కూలలేదు, ఎలుగుబంటి గీరలేదు.

రఘుపతి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"కన్ను తెరిసింది అని మొదలే చెప్పిన్నా, లేదా?"

శోభ అప్పటికే ఆటోలో ఉంది. ఇద్దరు ప్రయాణికులూ తప్పు చేసినవాళ్లలా గబగబా వచ్చి ఎక్కారు. నాలుగో మనిషి కోసం సంపత్ మళ్లీ రోడ్డు వైపు చూడబోతుంటే సారవ్వ ఫ్లాస్కు కొమురెల్లి చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తి, "నడువు, నేనొస్తున్న" అని శోభ పక్కన ఇరుక్కుని కూర్చుంది. మంచిర్యాలలో ఆమెకు ఏ పనీ లేదు.

"తమ్మీ సంపత్, ఉరికియ్యి. ఇంక టైముంది."

శోభ మూత తీసి చూసింది. టింకు ముక్కు ఎగరేసి, నెమ్మదిగా ఆమె వేలు వాసన చూసింది. ఆమె ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే ఒక బొగ్గు లారీ దూసుకుపోయింది. నల్లటి దుమ్ము లేచింది. రఘుపతి ఆటో దగ్గరికి పరుగెత్తాడు. ఆ పరుగులో కోతలేమీ లేవు, అది మాత్రం చెప్పాలి. భుజం మీది పచ్చ తువ్వాల తీసి, దుమ్ము పడకుండా తెరిచిన డబ్బా మీద జాగ్రత్తగా, నాలుగు మూలలూ సరిచేసి కప్పాడు.

సారవ్వ ఆటోలోంచి అరిచింది.

"తువ్వాల తియ్యి తమ్మీ! ఇది ఇంక బతికే ఉన్నది!"