మూడుసార్లు మోకాలు

అమెరికాలోని నెబ్రాస్కాలో ఒక కాలేజీ మైదానం, అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. నవంబరు చలికి ఆటగాళ్ల భార్యలిద్దరు ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. బంతి విసిరే వాయట్‌కు చిన్నామె కొత్త పెళ్లాం. బంతితో పరుగెత్తే డెరెల్ పెద్దామె మొగుడు.

"మళ్లీ మీ ఆయనకేనా బంతి! వరసగా పన్నెండోసారి అక్కా."

"నాలుగు పాయింట్లు ముందున్నాం కదే. మా ఆయన పరుగెత్తి పడితే గడియారం నడుస్తూనే ఉంటుంది. మీ ఆయన విసిరింది నేలపాలైతే ఆగిపోతుంది."

"ఇంకొక్క విసురు చివరి గీత అవతల మనవాళ్లకి అందితే విసుర్లలో కాలేజీ రికార్డు మా ఆయనదే. ఇదే ఆఖరి ఆట."

"బంతి అవతలివాళ్లకి చిక్కితే గెలుపే పోతుంది. కుళ్లుకోకు, కోకో తాగు."

"కుళ్లే! దాచుకోను."

నిమిషన్నర మిగిలింది. ఈసారి బంతి వాయట్ చేతిలోనే ఉండిపోయింది. చిన్నామె దుప్పటి తోసేసి లేచింది. వాయట్ విసరలేదు. బంతిని గుండెకు హత్తుకుని ఒక మోకాలు నేలకానించాడు. అలా ఆనిస్తే బంతి అవతలివాళ్లకి పోదు, గడియారమూ ఆగదు. అలా మూడుసార్లు. గడియారం సున్నాకు చేరింది.

"గెలిచాం కదే, ఆ ఏడుపెందుకు?"

"రికార్డు పోతే పోయిందక్కా! పెళ్లికి అడిగినప్పుడు నా ముందు ఒక్కసారే మోకాలేశాడు. ఆ తోలు బంతి కోసం మూడుసార్లా? ఇంటికి రానీ, మిగతా రెండూ వేయిస్తాను!"