నిచ్చెన వద్దండీ

హలో… ఆ, నేనే బావా. కృపనే. గుడివాడలోనే ఉన్నా, ఇంకెక్కడుంటాను?

ఆ, బాగానే ఉన్నాం. అదేంటి, గొంతు అలా ఉంది? జలుబు చేసిందా?

అక్కా?… ఇక్కడెందుకుంటుంది! బందరులో చర్చి ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రి మీటింగని నిన్న అవనిగడ్డలో నువ్వేగా బస్సెక్కించావు. రేపు క్విజ్‌కి అటునుంచి అటే వస్తానంది.

ఆ, రేపే. మా స్కూలు హాల్లో. మన 'పక్కవాటా' సీరియల్ అభిమానులందరూ వస్తున్నారు. బజర్లు దొరకలేదు బావా… ఏం చేస్తాం, జట్టుకో స్టీలు పళ్లెం, ఓ గరిటె. జవాబు తెలిస్తే ఠంగుమని కొట్టడమే.

ప్రశ్నలా? అమ్మో, ఆ మాట అడక్కు. క్విజ్ మాస్టర్ని నేను. మా ఆయనకే చెప్పలేదు.

… ఒక్కటా? ఏది?

ఓహో, ఆఖరి ప్రశ్నా. అది గ్రూపులో ముందే పెట్టేశాగా. 'ఆఖరి ఎపిసోడ్‌లో శేషు వసుంధరతో అన్న ఆఖరి మాట ఏది?' దానికేమైంది?

… తీసెయ్యాలా!

ఎందుకు తియ్యాలి బావా?

… కష్టంగా ఉందా? నీకా? దూరదర్శన్‌లో టైటిల్ పాట వస్తుంటే ఎవరి పేరు తర్వాత ఎవరి పేరు పడుతుందో చెప్పే మనిషివి!

ఊఁ… ఊఁ… కథ నాకు చెప్తావేంటి? వారం వారం శేషు పక్కవాటా గుమ్మం ఎక్కడం, ప్రేమిస్తున్నానని చెప్పబోయి నోరు పెగలక 'మీ నిచ్చెన ఒకసారి ఇస్తారా అండీ' అనడం, అది మోసుకుని ఉసూరుమంటూ వెనక్కి రావడం. నవ్వలేక చచ్చేవాళ్లం.

కాదు గానీ, ఓ గమ్మత్తు విను. గ్రూపులో జవాబులు పంపించమన్నానా. బందరు వాళ్లూ, గుడివాడ వాళ్లూ, ఉయ్యూరు వాళ్లూ ఒకటే రాశారు. ఆఖరి రోజు కూడా శేషు నిచ్చెనే అడిగాడట. చల్లపల్లి దగ్గర్నుంచి కింద దివిసీమంతా మాత్రం ఇంకోటి రాసింది. ఒక్కళ్లు కూడా తప్పిపోకుండా… 'నిచ్చెన వద్దండీ, మీరే కావాలి' అని!

… హలో? బావా? దగ్గుతావేంటి?

మీ దివిసీమకి టీవీ వేరే వచ్చేదా ఏంటి?

… గాలివాన. ఆ, గుర్తుంది. ఆ సాయంత్రం చల్లపల్లి నుంచి కిందకి ఎక్కడా కరెంటు లేదు. ఆఖరి ఎపిసోడ్ ఎవరూ చూడలేదు. ఒక్క మనిషి తప్ప.

ఎవరంటావేంటి, నువ్వే! చల్లపల్లిలో టీవీ రిపేరు షాపులో పనిచేసే హరిబాబు గారు. షాపులో బ్యాటరీ మీద చూశానని ఊరూరా చెప్పావు. నువ్వు చెబితేనే కదా అందరికీ తెలిసింది?

అందుకే అంటున్నా, భయం దేనికి? మన గ్రూపులో భానుప్రకాష్ లేడూ, ఎక్కడో ఆ ఎపిసోడ్ సంపాదించాడు. రేపు తెర మీద వేస్తాం. బందరు వాళ్ల నోళ్లు మూతపడతాయి.

… అబ్బ! అంత గట్టిగా అరుస్తారా ఎవరైనా?

పీతలా? ఎన్ని పీతలు పంపినా లాభం లేదు. … రొయ్యలు కూడానా! ఛీ, క్విజ్ మాస్టర్‌కి లంచమా? చిన్నప్పుడు టీవీ క్విజ్‌లో ఆ కళ్లద్దాల మాస్టారు చూడు, పిల్లలు జవాబు చెప్పగానే కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ 'ఖాయమేనా?' అనేవాడు… వాళ్లు జవాబు మార్చేసేవాళ్లు. నాకూ అలాంటి పేరే రావాలి.

… ఊఁ.

చూడలేదా?

అసలు చూడనే లేదా! బావా… ఖాయమేనా?

నవ్వట్లేదు. ఒట్టు. పొలమారింది, అంతే.

మరి 'మీరే కావాలి' ఎక్కడిది? … నువ్వే కల్పించావా! ఎంత పనిచేశావయ్యా బాబూ! సీమ మొత్తాన్నీ బోల్తా కొట్టించావు కదా!

… ఊఁ… చెప్పు, వింటున్నా.

… అయితే? ఆ మాట వల్లే అక్క నీకు పడిపోతే ఇప్పుడేంటి నష్టం?

అయ్యో, ఏడవకు బావా. … ఎందుకు నమ్మదు? ఒక్క అబద్ధానికి ఇన్నేళ్ల కాపురం అబద్ధమైపోతుందా? … అది నిజమే. రేపు అంతమందిలో తెర మీద శేషు నిచ్చెన పట్టుకుపోతుంటే, అక్క మొహం ఎలా ఉంటుందో అని నీ భయం. అర్థమైంది.

సరే. నేనో ప్రశ్న అడుగుతా. దీనికి జవాబు చెప్పు, ఆ ప్రశ్న తీసేస్తా. పళ్లెం ఉందా దగ్గర?

ఆ గాలివాన సాయంత్రం… మీ షాపు బ్యాటరీ ఎక్కడుంది?

… తప్పు.

షాపులో లేదు బావా. నువ్వు మోపిదేవిలో యాంటెన్నా బిగించడానికి వెళ్లావా, మీ ఓనరు దుర్గాప్రసాద్ గారు దాన్ని రిక్షాలో మా చర్చికి పంపించాడు. ఉజ్జీవ కూటాలు, రాత్రి ప్రార్థనలు కదా. కరెంటు లేకపోతే మైకు ఎలా పలుకుతుంది? మీ షాపు పేరు ఎర్ర పెయింటుతో దాని మీద ఇంతేసి అక్షరాలు. ఆ మైకులో పాట పాడింది ఎవరనుకుంటున్నావ్?

… ఆ. అక్కే. బ్యాటరీ దాని కాళ్ల దగ్గరే ఉంది.

అంటే… అదే. మర్నాడు నువ్వు మా వాకిట్లో సైకిలు దిగి, 'బ్యాటరీ మీద చూశానండీ' అన్నావు చూడు, అప్పుడే దానికి తెలుసు. నేనూ అక్కడే ఉన్నా, జడ వేయించుకుంటున్నా. జడ సగంలో వదిలేసి, 'తర్వాత ఏమన్నాడండీ' అని అడిగింది. నువ్వేమో శేషు మాట దాని మొహంలోకి చూస్తూ చెప్పావు. నేను చిన్నపిల్లని, శేషు సంగతే అనుకున్నా.

నాకెలా తెలుసా ఇదంతా? నువ్వు ఫోన్ చేసే ముందే చెప్పింది.

… ఎవరా? మీ ఆవిడే! నా ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటోంది. ఫోన్ మొదట్నుంచీ స్పీకర్లోనే ఉంది.

బందరూ లేదు, మైత్రీ లేదు. 'ఆ ప్రశ్న తీసెయ్యమని మీ బావ ఇవాళ నీకు ఫోన్ చేస్తాడు చూడు' అని పందెం కట్టింది. ఓడిపోయా, చీర కొనిపెట్టాలి నేను.

… కోపమా? ఏమో, చట్నీ మళ్లీ వేయించుకుంటోంది.

ఆగు, ఏదో అంటోంది… ఊఁ… బావా, ప్రశ్న తియ్యొద్దంట. రేపు ముందు తనే పళ్లెం కొట్టి, నువ్వు చెప్పిన జవాబే చెబుతుందట. మార్కు పోతే పోయిందంట. ఆ నిచ్చెన ముగింపు దానికి అస్సలు నచ్చలేదంట.

కానీ ఒక షరతు. ఆ మాట నీ నోట మళ్లీ ఒకసారి వినాలంట. పెళ్లయిన దగ్గర్నుంచీ 'ఏమే, నీళ్లు', 'ఏమే, తువ్వాలు' తప్ప ఇంకో పిలుపు ఎరగదు పాపం.

సిగ్గేంటి? … సరే సరే, స్పీకరు తీసేస్తున్నా. నేను వినను. ఇదిగో అక్కా, తీసుకో.

…

ఏంటక్కా, అప్పుడే పెట్టేశావ్? ఏమన్నాడు?

నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా? చెప్పవే!

… 'నిచ్చెన వద్దండీ' అనా? 'అండీ' అనే అన్నాడా, నిన్ను?… అక్కా, సరిగ్గా విన్నావా?

ఖాయమేనా?