కర్టెన్లకి గుండీలెందుకే?

మళ్ళీ 'నీ ఇష్టం అక్కా' అంటావేంటే? నాలుగు రోజుల్నుంచీ ఇదే పాట! గిన్నెలు తీసుకుందామా అంటే నీ ఇష్టం. అద్దం వదిలేద్దామా అంటే నీ ఇష్టం. కుట్టుమిషను అమ్మేద్దామంటే... దానికీ నా ఇష్టమేనా? ఇటు తిరుగు. నా మొహం చూసి చెప్పు.

రేపు తెల్లారితే విమానం. మనిషికో పెట్టె, అంతకుమించి ఒప్పుకోరు. అక్కడ కుట్టుపని కంపెనీవాళ్ళు మనిద్దరినీ రమ్మన్నారు, ఇద్దరికీ కలిపి గది కూడా చూసిపెట్టారు. ఇన్నేళ్ళు ఈ కొట్టు నడిపిన అక్కాచెల్లెళ్ళం, ఆ రెండు పెట్టెల్లో ఏం పట్టించాలో తేల్చుకోవాలంటే ఈపాటికి జుట్టూజుట్టూ పట్టుకుని ఉండాలి. అవునా, కాదా?

దారపుకండె కోసం కొట్టుకున్నవాళ్ళం మనం! కిటికీ పక్క కుర్చీ నేను లాక్కున్నానని వారం రోజులు మాటలు మానేసిన ఘనురాలివి నువ్వు. అలాంటిదానివి, మొన్న కొత్త ఉన్ని దుప్పటి తీసి నా పెట్టెలో పడేస్తే, 'బరువు సరిపోతుందా అక్కా' అని మెల్లగా అడిగావు. అప్పుడే ఏదో ఉంది అనుకున్నా.

ఏమీ లేదా? నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా నీకు?

అందుకే నిన్న నువ్వు స్నానానికెళ్ళినప్పుడు నీ పెట్టె తెరిచా. అరవకు. తెరిచాను, అంతే. చూద్దును కదా, రెండు జతల బట్టలు, వాటిమీద పాత దిండు! పెట్టె నిండినట్టు కనిపించాలని దిండు పెట్టావా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడ్డం లేదనుకుంటుందట. అడుగున కత్తెర కనిపించి హమ్మయ్య అనుకున్నా. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, అది మనం కాగితాలు కత్తిరించుకునే మొద్దుకత్తెర.

నీ కత్తెర ఏదే? గుడ్డ తప్ప ఇంకేదీ దానికి తగలనివ్వవు కదా! ఒకసారి పొరపాటున నేను దాంతో అట్టముక్క కత్తిరించినందుకు, పదును చంపేశావంటూ ఇల్లు పీకి పందిరేశావు. అలాంటి కత్తెరని వదిలేసి, ఈ మొద్దుదాన్ని పట్టుకుని సముద్రాలు దాటతావా? కుట్టుపనిదానివి నువ్వు. నీ కత్తెర ఎక్కడుంటే నువ్వూ అక్కడే ఉంటావు. ఆ మాత్రం తెలీదా నాకు?

సరే, పోనీ ఇది చెప్పు. నెల రోజులుగా మనం కుట్టిందేమిటి? ఆ హోటలువాళ్ళ కర్టెన్లు. కర్టెన్లకి గుండీలెందుకే? రోజు విడిచి రోజు గుండీల కొట్టుకి పరుగులు! ఆ డబ్బా తీసి చూస్తే తెల్లవి, నల్లవి, కోటుకి కుట్టేవి... ఊరందరి చొక్కాలకీ సరిపోతాయి. నేనొక వెర్రిమాలోకాన్ని, దారం కోసం వెళ్తున్నావేమో అనుకున్నా.

ఎందుకలా తడబడతావు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుందట! నేనింకా అతని ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు ఎత్తుతా. పొద్దున్నే మీ గుండీల కొట్టాయన మన గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. నీ చెవిలో ఏదో గొణిగి వెళ్ళాడు. అప్పట్నుంచీ నువ్వు నా పెట్టె చుట్టూ తిరుగుతున్నావు. ఏం కావాలే అంటే సూదుల డబ్బా అంటావు. సూదుల డబ్బా నీ ముక్కు ముందే ఉంది తల్లీ!

వెతకొద్దు. నా దగ్గరే ఉంది.

నిన్న సాయంత్రం పెట్టెలకి కట్టడానికి తాడు కొందామని అతని కొట్టుకి వెళ్ళా. బల్ల వెనక అరలో నీ ఎర్రగుడ్డ మూట. నీ కత్తెర తప్ప ఇంకేదీ చుట్టవు నువ్వు ఆ గుడ్డలో. అతను తాడు తేవడానికి లోపలికెళ్ళాడు. చెయ్యి చాపి తీసి సంచిలో వేసుకున్నా. అవునే, దొంగతనమే! మీ అక్క దొంగ. ఇంకేమంటావో అను.

కత్తెరనే కాపాడలేనివాడు నిన్నేం కాపాడతాడే? నవ్వొస్తోందా? నవ్వు, నవ్వు.

ఇంటికొచ్చి మూట విప్పి చూశా. శుభ్రంగా తుడిచి నూనె రాశాడు. మొనలకి గుచ్చుకోకుండా దూది చుట్టాడు. నువ్వు కూడా ఎప్పుడూ అంత శ్రద్ధగా చూసుకోలేదు. అది చూశాకే నాకు ఒళ్ళు మండింది. పనికిమాలినవాడైతే నిన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్ళేదాన్ని కదా!

విమానాశ్రయం దాకా వచ్చి అక్కడ చెబుదామనుకున్నావా, 'నేను రావడం లేదు అక్కా' అని? ఊ... చాలు, తల ఊపావు చాలు. ఎంత ధైర్యమే నీకు!

నాకు లేదే. అదీ అసలు సంగతి. తెలియని చోట నేనొక్కదాన్నే ఎలా బతకను? కత్తెర నా పెట్టె అడుగున పెట్టి తాళం వేస్తే, దాని వెనకే నువ్వూ వచ్చేస్తావనుకున్నా. ఇంత వయసొచ్చి, చిన్నపిల్లలా.

ఇదిగో తాళంచెవి. తీసుకో. నా బట్టలు చిందరవందర చెయ్యకు... ఆ, ఆ మూటే. పట్టుకో. ఉండిపో ఇక్కడే. అతని గుండీలకి కాజాలు కుట్టుకుంటూ ఉండు. మిషను అమ్మొద్దులే, నువ్వే ఉంచుకో.

ఏయ్, అదెందుకు తీస్తున్నావు? అమ్మ కొలతల టేపు అది, పెట్టెయ్ అక్కడ! ఏంటీ, నీదా? అమ్మ నీకిచ్చిందా? ఎప్పుడిచ్చిందే, కలలోనా? చిన్నప్పుడు చెరో చివరా పట్టుకుని లాగి తెంపాం, మొదటి నాలుగంకెలూ ఊడి పోయాయి. కొలిచాక నాలుగు తీసెయ్యాలని నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? తెలిస్తే? నీదైపోతుందా? వదులు. వదలమంటున్నానా!

హమ్మయ్య... అరువు, ఇంకా గట్టిగా అరువు. ఈ నాలుగు రోజుల్లో ఇప్పుడు విన్నా నీ గొంతు.

ఏడిస్తే ఇచ్చేస్తాననుకున్నావా? ఇవ్వనంటే ఇవ్వను. కావాలంటే అక్కడికొచ్చి తీసుకో.