ఆంటిమో నిచ్చెన ఎక్కిన ఎల్పీడియో

నా పేరు నుంజియాతా. వయసు యాభై ఎనిమిది. అవెర్సా దగ్గర పల్లెలో ఉంటాను. ద్రాక్ష కోతలప్పుడు కోతగాళ్ళకు వండిపెడతాను, మిగతా రోజులు ఇంటిపనే. నా భర్త ఆంటిమో నిచ్చెన ఎక్కే కోతగాడు. చనిపోయిన ఎల్పీడియో నా మరిది, ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. నన్ను ఈ ఠాణాకు ఎవరూ పిలవలేదు, నేనే వచ్చాను.

మా ఆయన నిచ్చెన మెట్టు కోసి తమ్ముణ్ణి చంపాడని నా తోడికోడలు మిరెల్లా ఫిర్యాదు ఇచ్చిందట, మీరు ఆయన్ని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. రంపం లేదు, గింపం లేదు. ఆ నిచ్చెన మెట్లు దగ్గరదగ్గరగా ఉన్న మాట నిజమే. మా ఆయనవి పొట్టి కాళ్ళు మరి! మా తీగలు పోప్లర్ చెట్లమీద పాకుతాయి, మూడంతస్తుల ఎత్తు. కోతగాడు పైకెక్కి మోకాలు మెట్ల మధ్య బిగించి, రెండు చేతులూ వదిలేసి గుత్తులు కోస్తాడు. అందుకే ఎవరి కాలి కొలతకు వాళ్ళు నిచ్చెన చేయించుకుంటారు. ఒకరిది ఇంకొకరు ఎక్కరు. నిచ్చెన చేసినాయన కూడా నిన్న మీకు ఇదే చెప్పాడు. చేసినప్పటి నుంచి దానిమీద ఇంకో పనిముట్టు పడలేదన్నాడు.

ఆ తీగలు ఎప్పటివని అడిగారు. పూర్వం నేపుల్స్ రాజుగారి వైన్ కొట్టు చూసుకునే మనిషి ఈ మట్టి ఏరి మరీ నాటించాడని మా మామగారు చెప్పేవాడు. రాజులు పుట్టకముందే ఇక్కడివాళ్ళు చెట్లకు తీగ కట్టారని మా చర్చి ఫాదర్ అంటాడు. ఏది నిజమో నాకేం తెలుసు? నేను కాపురానికి వచ్చేసరికే ఆ చెట్ల వరస ఉంది. వాటి తెల్ల వైన్‌ని అస్ప్రీనియో అంటాం. నిమ్మకాయ కొరికినంత పులుపు.

ఆ వరస అన్నదమ్ములిద్దరిదీ. చెట్లు కొట్టించి, గోదాములు కట్టేవాళ్ళకు నేల అమ్మేద్దామని ఎల్పీడియో రెండేళ్ళుగా పోరుతున్నాడు. మా ఆయన ససేమిరా అన్నాడు. ఆ కోపంతో ఎల్పీడియో పోయిన చలికాలం తన నిచ్చెన అమ్మేశాడు.

మొన్న శనివారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, చెట్ల కిందే భోజనం పెట్టాను. గేదెపాల మొజరెల్లా జున్ను, వేయించిన నెత్తళ్ళు, మిరియాలు చల్లిన ఆల్చిప్పలు. మాంసం లేదా అని మీరు అడిగారు. మీరు ఉత్తరాది కొండలవాళ్ళు, మీకు తెలియదులెండి. అస్ప్రీనియో వేపుడు చేప జిడ్డును కోసేస్తుంది, మొజరెల్లా పాలతీపికి సరిజోడు. మాంసం కూరలోకి ఇది పోస్తే మా వీధి వీధంతా నవ్విపోతుంది. మనిషికి రెండు గ్లాసులు తాగారు. ఎవరూ తూలలేదు. అది కూడా రాయండి.

తింటూ తింటూ మా ఆయన ఎత్తిపొడిచాడు. "నిచ్చెన అమ్ముకున్నోడివి, నీకెందుకురా కోతల భోజనం? పోయి గోదాములో మూటలు లెక్కపెట్టుకో."

"నువ్వు నేర్చిన పని నాకు రాదనుకున్నావా అన్నయ్యా?" అన్నాడు ఎల్పీడియో. నావైపు తిరిగి, "వదినా, నెత్తళ్ళు చల్లారకుండా మూతపెట్టు. ఒక బుట్ట నింపి దించి వస్తా" అని లేచాడు. నవ్వుతూనే లేచాడు. తిన్నగా వెళ్ళి మా ఆయన నిచ్చెన పట్టుకున్నాడు.

ఎల్పీడియో పొడుగు మనిషి. సగం ఎక్కేసరికే మోకాళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. పైన మోకాలు దూర్చాడు, మెట్ల సందు చాలక అది పూర్తిగా పట్టలేదు, బిగియలేదు. బిగిసిందనుకుని చేతులు రెండూ వదిలేశాడు. అంతే, పైనుంచి కింద పడ్డాడు. రాత్రి ఆసుపత్రిలో పోయాడు.

ఇక్కడితో ఆపితే మా ఆయన్ని ఇంటికి పంపిస్తారని నాకు తెలుసు. ఆపాలనే వచ్చాను. కానీ ఆపలేను.

నలభై ఏళ్ళ కాపురంలో ఆ నిచ్చెన మీద ఎవరు చెయ్యి వేసినా మా ఆయన ఊరంతా వినిపించేలా అరిచేవాడు. ఒకసారి బట్టలు ఆరేశానని నన్నే తిట్టిపోశాడు. శనివారం నోరు మెదపలేదు. చూశాడు. తమ్ముడు చెయ్యి వెయ్యడం చూశాడు, మొదటి మెట్టు ఎక్కడం చూశాడు. తలొంచుకుని మొజరెల్లా ముక్క కోసుకున్నాడు. నెమ్మదిగా కోసుకున్నాడు. ఆయన అరుస్తాడులే అని నేనూ ఊరుకున్నాను. ఒరేయ్ దిగరా అని ఒక్క మాట, దేవుడా, ఒక్క మాట అని ఉంటే!

పడి చావాలనే ఊరుకున్నాడా అని అడిగారు. కిందా మీదా పడి పరువు పోగొట్టుకోనీ అనుకున్నాడేమో. చావు కోరుకున్నాడని నేను అనను. ఆయన లోపల ఏముందో నాకు తెలియదు. ఆ రోజు నుంచి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మిరెల్లా రంపం అంటోంది. అది అబద్ధం. కానీ మొగుడు పోయిన మనిషి, ఏం జరిగిందో ఆమెకు తెలియాలి.

రాసింది మీరు నాకు చదివి వినిపించారు. మా ఆయన చూసి ఉండకపోవచ్చు కదా, అలా మార్చమంటారా అని అడిగారు. మీ మంచితనానికి దండం. మార్చొద్దు. చూశాడు.

ఇందులో ఉన్నదంతా నేను నా నోటితో, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పిన నిజం.

(సంతకం) నుంజియాతా, ఆంటిమో భార్య