నతానియేల్ గారి మౌనం, మన ఫుట్‌బాల్ జట్టు

1987 జూలై ఆరవ తేదీన శ్రీ నతానియేల్ గారు వ్యాయామ ఉపాధ్యాయులుగా మన కళాశాలలో బాధ్యతలు స్వీకరించారు. ఊళ్లో ఎవరూ ఆటకు పిలవని దళితవాడల పిల్లల కోసం వెలసిన ఈ విద్యాలయానికి ఒంగోలు నుంచి విచ్చేసిన ఆయన, నగర శివారున ఉన్న ఈ కొండాపూర్ బండలను తొలగింపజేసి మైదానాన్ని, అందులో ఆడే ఫుట్‌బాల్ జట్టును తామే సమకూర్చారు. తరువాతి కాలంలో చుట్టూ అద్దాల మేడలు లేచినా ఆ సాధన ఒక్కనాడూ ఆగలేదు.

అది ఆగినంత పనైంది 2011లో, ప్రత్యేక రాష్ట్రం కోసం సాగిన సకల జనుల సమ్మె రోజుల్లో. విశ్వవిద్యాలయ పోటీల్లో జట్టు తొలిసారి సెమీఫైనల్ చేరిన వారమే, ఆయన ఠాణా మెట్లు దిగుతుండగా ఎవరో చూశారు. హఫీజ్‌పేట్‌లో సమ్మెలో భాగంగా రైలు పట్టాలపై కూర్చున్న మన విద్యార్థుల పేర్లు అప్పటికే పోలీసులకు చేరాయి. ఆయన ఆంధ్ర నుంచి వచ్చినవారు కనుక అనుమానం సులువుగా ఆయననే చుట్టుకుంది. మైదానంలోకి ఆయన అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయేవి.

చివరకు కెప్టెన్ సాయిచంద్ నిలదీశాడు.

"ఠాణాకు ఎందుకు పోయిన్రు సార్?"

"పనుండి వెళ్లాను."

"ఏం పని? మా పేర్లు చెప్పే పనా?"

ఆయన వంగి బంతులను సంచిలో వేసుకోసాగారు.

"గిట్లయితే మేం ఆడం" అని సాయిచంద్ వెళ్లిపోయాడు. సగం జట్టు అతని వెంట నడిచింది.

సెమీఫైనల్ నాటి ఉదయం గోల్‌కీపర్ జాషువా జట్టునంతా నతానియేల్ గారి ఎదుటకు పిలిపించాడు. అతనిదీ కోస్తా ప్రాంతమే.

"సార్ నాకు జామీను ఇవ్వడానికి వెళ్లారు. మీతోపాటు నేనూ పట్టాల మీద కూర్చున్నాను కదా, ఆ రాత్రి నా గదికొచ్చి పోలీసులు పట్టుకుపోయారు. మా నాన్నకు తెలిస్తే చదువు మాన్పించేస్తాడని, ఎవరికీ చెప్పొద్దని సార్‌ని నేనే బతిమాలాను."

సాయిచంద్ తల దించుకున్నాడు. "మాకొక్క మాట చెప్తే ఏమయ్యేది సార్?"

"కోస్తా వాడని జాషువా పేరు పోలీసులకు ఇచ్చింది నువ్వేనేమో అనుకున్నానయ్యా" అన్నారు నతానియేల్ గారు. "నువ్వు నన్ను అనుమానించక ముందే నేను నిన్ను అనుమానించాను."

సాయిచంద్ బూట్లు చేతికి తీసుకున్నాడు. "ఇగ పోదాం సార్, ఆటకు టైమైతుంది" అన్నాడు.

జట్టు ఆనాడు గెలిచింది, ఫైనల్లో ఒక్క గోలు తేడాతో ఓడింది. ఆ పేర్లు ఇచ్చినదెవరో నేటికీ తెలియదు. తెలుసుకోవాలని ఆ తరువాత ఎవరూ ప్రయత్నించలేదు.

నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీ నతానియేల్ గారికి, సహధర్మచారిణి శ్రీమతి మెర్సీ గారికి చెదరని ఆరోగ్యం, నిండైన ఆయుష్షు, తలుపు తట్టినవారు ఎవరోనని శంకించనక్కరలేని ప్రశాంత సాయంత్రాలు లభించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.